నా విద్యార్థి ల్యాబులో నికెల్ వేట

ఇంటర్వ్యూ గదిలోకి నేను అడుగుపెట్టగానే, బల్లకి అవతల కూర్చున్నవాళ్ళలో ఒకతను లేచి నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు అతనివైపు వింతగా చూశారు. ప్రశ్నలు అడగాల్సినవాళ్ళు లేచి నిలబడటం ఎక్కడా ఉండదు కదా. మధ్యలో ఉన్న పెద్దాయన, "ఏవండీ, ఎందుకు లేచారు?" అని అడిగారు.

"మా మేడమ్ గారండి. ఇంటర్లో నాకు కెమిస్ట్రీ చెప్పేరు," అన్నాడతను.

అప్పుడు గుర్తుపట్టాను. నేను ఏలూరులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, కొల్లేరు లంక గ్రామం నుంచి రోజూ వచ్చి చదువుకున్న పిల్లాడు ఇతను. వానాకాలంలో వాళ్ళ ఊరి దారి మునిగితే కొంత దూరం పడవలో, కొంత దూరం ఆటోలో వచ్చి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని మొదటి బెంచీలో కూర్చునేవాడు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతూ, పరిశోధన చేసేవాళ్ళకు గైడుగా ఉంటున్నాడు. కళ్ళద్దాలు వచ్చాయి. జుట్టు కొంచెం పలచబడింది. నవ్వు మాత్రం మారలేదు.

నేను ఆ గదిలోకి వెళ్ళింది పీహెచ్‌డీలో చేరడానికి. ఎమ్మెస్సీ అయినప్పటినుంచీ ఆ కోరిక ఉంది. పెళ్ళి, ఉద్యోగం, పిల్లల చదువులు, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చి అది వెనకపడిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు నికెల్ పరీక్ష చేసి చూపించాను. గాజు గొట్టంలో నికెల్ ఉన్న నీళ్ళు పోసి, అమ్మోనియా కలిపి, ఇంకో మందు వేస్తే ఎర్రగా, మందార రంగులో విరుగుతుంది. ఆ రంగు రాగానే క్లాసంతా ఒక్కసారి ముందుకు వంగుతుంది. ఏ ఏడు పిల్లలైనా అంతే. ఆ రంగు గురించి ఇంట్లో ఎన్నిసార్లు మాట్లాడానో, స్కూల్లో లెక్కలు చెప్పే మా ఆయన విని విని, ఒకరోజు తనే కంప్యూటర్ ముందు కూర్చుని నా దరఖాస్తు నింపేశారు. "అక్కడికెళ్ళి వాళ్ళకి చెప్పు. నన్ను కాస్త పేపరు చదువుకోనీ," అన్నారు.

సీటు వచ్చింది. గైడుగా ఎవరు కావాలని అడిగితే, అతని పేరే చెప్పాను. అతను చేస్తున్న పని నాకు నచ్చింది. ముడి చమురులో అతి స్వల్పంగా ఉండే లోహాలను విడదీసి కొలవడం ఆ పని.

చమురులో లోహమేమిటి అని నన్ను చాలామంది అడిగారు. భూమిలోంచి తీసిన ముడి చమురులో నికెల్, వెనేడియం అనే లోహాలు చిటికెడులో చిటికెడంత ఉంటాయి. శుద్ధి కర్మాగారంలో అవి ఖరీదైన సామగ్రిని పాడుచేస్తాయి. అందుకని ఎంత ఉన్నాయో ముందే తెలియాలి. వాటిని చమురు అంత తేలిగ్గా వదలదు. ఆకుల్లో పచ్చదనానికి కారణమైన పదార్థం ఉంది చూడండి, దాని దూరపు చుట్టంలాంటి ఒక పంజరంలో నికెల్ నడుమన కూర్చుని ఉంటుంది. ఆ పంజరం తలుపు తీసి, లోహాన్ని బయటికి రప్పించి, నికెల్‌ని ఒకవైపు, వెనేడియాన్ని ఒకవైపు నడిపించి, ఒక్కోదాన్నీ కొలవాలి. నా థీసిస్ అంతా ఈ ఒక్క ముక్కే.

చేరిన మొదటి రోజే మా ఇద్దరికీ పిలుపుల దగ్గర చిక్కొచ్చింది.

"సార్, నేను ఎక్కడ కూర్చోవాలండి?" అన్నాను.

అతను ఇబ్బందిగా కదిలాడు. "మేడమ్ గారండీ, మీరు నన్ను సార్ అంటంటే నాకు ఏ బల్ల కిందో దూరిపోవాలనిపిస్తందండి."

"మరేమనమంటారు? పిల్లలందరూ సార్ అంటున్నారు. నేనొక్కదాన్నే వేరేగా పిలిస్తే బాగుంటుందా?"

"పేరు పెట్టి పిలవండి."

"గైడుని పేరు పెట్టి పిలిచేదాన్ని నేను కాదండి."

అక్కడే పనిచేసుకుంటున్న ఇంకో పరిశోధక విద్యార్థిని మా ఇద్దరినీ చూసి నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయిది ఉంగుటూరు. ఆ రోజునుంచీ ఆమే మాకు తీర్పరి. చివరికి అతను నన్ను మేడమ్ అనేటట్టూ, నేను అతన్ని సార్ అనేటట్టూ, ఇద్దరం మీరు అనుకునేటట్టూ ఒప్పందం కుదిరింది. అతను నా ముందు కుర్చీలో కూర్చోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. నేను నిలబడి ఉంటే తనూ నిలబడేవాడు. అందుకని నేనే ముందు గబుక్కున కూర్చునేదాన్ని.

శని, ఆదివారాలూ సెలవు రోజులూ నా పరిశోధన రోజులు. ఆదివారం మాత్రం పొద్దున్నే చర్చిలో మొదటి ఆరాధన ముగించుకుని బయల్దేరేదాన్ని. మా తాతల కాలంనుంచీ వెళ్తున్న చర్చి అది. అక్కడ పాటల బృందంలో నేనూ ఉన్నాను, మానడానికి వీల్లేదు. ఏలూరు స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కితే భీమడోలు దాటేసరికి కిటికీ పక్క సీటు ఖాళీ అయ్యేది. రెండువైపులా వరిచేలు, మధ్య మధ్య చేపల చెరువుల మెరుపు. ఒకరోజు నా పక్కన కూర్చున్నావిడ నా సంచిలో పుస్తకాలు చూసి, "పిల్లని కాలేజీలో చేర్చడానికాండి?" అని అడిగింది.

"కాదండి, నేనే చేరాను."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మంచి పని చేసేరండి," అని తన ఒళ్ళోని పొట్లంలోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చింది. ఆ రోజు ల్యాబులో వాటిని కోసుకుని అందరం తిన్నాం. తినడం ల్యాబు బయట వరండాలోనే లెండి. లోపల తింటే ఊరుకునేదాన్ని కాదు.

మాకు అందిన చమురు గోదావరి డెల్టాలోని ఒక బావిది. నల్లగా జారే నూనె అనుకుని సీసా మూత తీస్తే, లోపల ముదురు గోధుమరంగులో పేరుకుపోయి ఉంది. మైనం ఎక్కువున్న చమురు కావడంతో, డిసెంబరు చలికి ఇంట్లో నెయ్యి పేరుకున్నట్టు పేరుకుంటుంది. సీసాని వేడి నీళ్ళలో కూర్చోబెట్టి, కరిగాక, పలచబరిచే ద్రవం కలిపి, అందులో కొంచెం సబ్బులాంటి పదార్థమూ నీళ్ళు కలిపిన నైట్రిక్ ఆమ్లమూ పోసి బాగా చిలకాలి. నూనే నీళ్ళూ కలవవు కదా. సబ్బు పుణ్యమాని అవి కలిసిపోయి పాలు కలిపిన కాఫీలా ఒకటే చిక్కటి ద్రవమవుతుంది. నూనె తుంపరలన్నిటికీ ఆమ్లం తగిలి, అందులోని లోహం నీళ్ళలోకి వచ్చేస్తుంది. తర్వాత ఆ కాఫీని మెల్లగా వేడిచేస్తే విరిగి, పైన నూనె, కింద తేటనీళ్ళు. ఆ నీళ్ళలో మా లోహం.

చెప్పడానికి ఇంతే. చేస్తే మాత్రం నెలల తరబడి ఒకటే తంటా. మొదట్లో కాఫీ విరిగేది కాదు. సబ్బు తగ్గించాం. అప్పుడు కలవకముందే విరిగిపోయేది. అదీ సర్దుకున్నాక అసలు సమస్య బయటపడింది. చమురు వేయకుండా, మిగతావన్నీ వేసి చేసే ఒక ఉత్త పరీక్ష ఉంటుంది. అందులో నికెల్ రాకూడదు. వస్తే ఆ నికెల్ మన చేతులనుంచో గిన్నెలనుంచో వచ్చిందన్నమాట. మాకు ఎప్పుడు చేసినా అందులో నికెల్ వచ్చేది. చమురు లేని నీళ్ళకి అమ్మోనియా, మందు కలపగానే గొట్టంలో లేత గులాబీ రంగు తేలేది. జీవితమంతా నేను ఎదురుచూసి చూపించిన రంగు, రాకూడని చోట వచ్చి కూర్చుంది.

నీళ్ళని అనుమానించాం. రెండోసారి మరిగించి పట్టిన నీళ్ళు వాడాం. ఆమ్లం మార్చాం. గాజుసామాను ఆమ్లంలో నానబెట్టి కడిగాం. ఫ్యాను దుమ్మేమో అని ఫ్యాను కట్టేసి ఉక్కలో కూర్చున్నాం. ఉంగుటూరు అమ్మాయి తన చెవి రింగులు తీసి పర్సులో పెట్టుకుంది. నేను గాజులు తీసి మా ఆయన చేతికిచ్చి రావడం మొదలుపెట్టాను. గులాబీ రంగు మాత్రం తగ్గలేదు.

అసలు చిలికే పని ఎవరు చేస్తున్నారో ఇక్కడ చెప్పాలి. ఆ పనికి ఎక్కువసేపు నిలబడాలి. నేను రైల్లో అలసిపోయి వస్తానని, శుక్రవారం సాయంత్రమే సార్ ఉత్త పరీక్షవాటితో సహా అన్నీ తనే చిలికి, సీసాలకు మూతలు పెట్టి, నా బల్ల మీద వరసగా ఉంచేవాడు. వద్దన్నా వినలేదు. "మేడమ్ గారండీ, అది నాకు వదిలెయ్యండి. మిగతాదంతా మీదే," అనేవాడు. తను కొత్తగా కొనిపించిన చిలికే యంత్రమంటే అతనికి మహా ముద్దు. నేను దాన్ని మూతవేసి ఉండగా చూడటమే కానీ, నడుస్తుండగా చూడలేదు.

ఒక శుక్రవారం మా కాలేజీకి అనుకోకుండా సెలవు వచ్చింది. చెప్పకుండా బయల్దేరి వెళ్ళాను. ల్యాబు తలుపు తీసేసరికి యంత్రం గిర్రున తిరుగుతోంది. సార్ వంగి, సీసాలోకి దాని కడ్డీని దించి పట్టుకుని ఉన్నాడు. చుట్టూ ఉంగుటూరు అమ్మాయీ, ఇద్దరు ముగ్గురు కొత్త కుర్రాళ్ళూ చూస్తున్నారు. నేను దగ్గరికి వెళ్ళాను. అతను కడ్డీ పైకి తీశాడు. చివర తెల్లటి పూత ఉండాల్సిన చోట, పూత అరిగిపోయి స్టీలు తళతళా మెరుస్తోంది. దాని మీదినుంచి ఆమ్లం బొట్లు బొట్లుగా సీసాలోకి కారుతోంది. స్టీల్లో నికెల్ ఉంటుంది. దాన్ని ఆమ్లంలో ముంచి తిప్పితే ఇంకేం కావాలి.

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకు తెలీదు.

"ఒరేయ్, నికెల్ పరీక్షలో స్టీలు పెడతావా? ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు? తియ్యి ముందది. తీసి అవతల పెట్టు."

యంత్రం ఆగింది. ఆ కుర్రాళ్ళు బిత్తరపోయి నా వంక చూశారు. వాళ్ళ గైడుని, వాళ్ళ పరీక్ష పేపర్లు దిద్దే మనిషిని, ఎవరో ఒకావిడ వచ్చి రా అంటోంది. చేతిలో సంచి అలాగే ఉంది.

అతను కడ్డీని బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. క్లాసులో నిలబడ్డట్టే. "తప్పైపోయిందండి మేడమ్," అన్నాడు. తర్వాత మొహమంతా నవ్వు పాకింది. "ఇన్నాళ్ళకి మా మేడమ్ గారు కనిపించేరండి. ఇన్ని నెలలనుంచీ సార్, సార్ అంటా ఇంకెవరో వస్తన్నారు."

ముందు ఉంగుటూరు అమ్మాయి నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. నేనైతే కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, బల్ల పట్టుకుని కూర్చుండిపోయాను. అతను అరిగిన కడ్డీని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "కొన్నప్పుడు పూత బాగానే ఉందండి. నేనే చూసుకోలేదు. మీ కష్టం తగ్గిద్దామని మిమ్మల్ని నెలల తరబడి తిప్పేను," అన్నాడు.

"నాకోసం నిలబడి చేసినదానికి బాధేముందండి," అన్నాను. అనుకోకుండా మళ్ళీ మీరులోకి వచ్చేశాను.

ఆ యంత్రాన్ని మా పనినుంచి తప్పించాం. ప్లాస్టిక్ సీసాల్లో పోసి, చేత్తో ఊపడమే దారి. ఎక్కడా ఆపకుండా, ఒకే జోరులో ఊపాలి. తొందరగా ఊపితే నురగ, నెమ్మదిగా ఊపితే కలవదు. మొదటి రోజు ఎవరి జోరు వారిదై, ఏ రెండు సీసాలూ ఒకలా రాలేదు. నాకు తెలీకుండానే నేను చర్చిలో పాడే పాటొకటి కూనిరాగం తీస్తూ ఊపుతున్నాను. నా సీసాలు మాత్రం ఒకలా వచ్చాయి. ఉంగుటూరు అమ్మాయి అది కనిపెట్టి, "మేడమ్ గారూ, కాస్త పైకి పాడండి, మేమూ అందుకుంటాం," అంది.

పాడాను. పాట పల్లవినుంచి చివరి చరణం దాకా ఒక విడత. అందరూ వరసగా నిలబడి తాళానికి తగ్గట్టు సీసాలు ఊపారు. నాలుగైదు వారాలకి పాట అందరికీ వచ్చేసింది. మా సార్ గొంతు బాగుంటుందని అప్పుడే తెలిసింది. ఒకరోజు పక్క డిపార్ట్‌మెంట్ ప్రొఫెసరు గారు తలుపు దగ్గర ఆగి, "ఏవండీ, ఇక్కడ కెమిస్ట్రీ జరుగుతోందా, ప్రార్థన జరుగుతోందా?" అన్నారు. సార్ ఊపుడు ఆపకుండానే, "రెండూనండి," అన్నాడు. ఆయన లోపలికి వచ్చి, తనూ ఒక సీసా అందుకున్నారు.

అన్ని సీసాలూ ఒకలా రావడం మొదలయ్యాక ఉత్త పరీక్ష చేశాం. అమ్మోనియా, మందు కలిపాను. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పట్టుకున్నాను. రంగు లేదు. కాసేపు ఆగి చూశాను. మంచినీళ్ళలా తేటగా ఉంది. ఏ రంగూ రాకపోతే ఇంత సంబరపడటం నా జీవితంలో అదే మొదటిసారి. సార్ నా చేతిలోంచి గొట్టం తీసుకుని గదంతా తిప్పి, గుమాస్తా గారికి కూడా చూపించాడు. పాపం ఆయన, "ఇందులో ఏముందండి?" అని అడిగితే, "ఏమీ లేదండి, అదే గొప్ప," అన్నాడు.

తర్వాత పని చకచకా సాగింది. విరిగాక కింద చేరిన తేటనీళ్ళని, సన్నటి గాజు గొట్టంలో నింపిన రెజిన్ పూసల గుండా వదిలేవాళ్ళం. లోహాలు రెండూ ఆ పూసలకి అంటుకుంటాయి. పెరాక్సైడ్ కలిపిన పలచటి ఆమ్లం పోస్తే ముందు వెనేడియం దిగి వస్తుంది. ఇంకాస్త గాఢమైన ఆమ్లం పోస్తే నికెల్ దిగుతుంది. బస్సు స్టాపుల్లో దిగాల్సినవాళ్ళు దిగినట్టు. ఒక్కో బొట్టూ పడుతుంటే, నేనూ ఆ అమ్మాయీ ఎదురెదురుగా స్టూళ్ళ మీద కూర్చుని ఇళ్ళ సంగతులు చెప్పుకునేవాళ్ళం. లోహం ఎంతుందో ముందే తెలిసిన నూనె ఒకటి తెప్పించి, దాన్నీ ఇలాగే చేసి, మంటతో కొలిచే యంత్రంలో పెట్టాం. సీసా మీద రాసి ఉన్న అంకె దగ్గరికే మా అంకె వచ్చింది. మళ్ళీ చేశాం. మళ్ళీ అదే.

అప్పుడు మా డెల్టా చమురు పెట్టాం. వెనేడియం కన్నా నికెల్ బాగా ఎక్కువుంది. సార్ ఆ అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాడు. తర్వాత, "మేడమ్ గారండీ, ఇది నేల మీది మొక్కలనుంచి పుట్టిన చమురైతే ఇలాగే ఉంటదండి. సముద్రపు నాచునుంచి పుట్టిందైతే మామూలుగా వెనేడియం ఎక్కువుంటది," అన్నాడు. ఆ సాయంత్రం రైల్లో కిటికీలోంచి చేలు చూస్తూ, ఎన్ని యుగాల కిందటో ఈ వైపే ఎక్కడో రాలిన ఆకుల గురించి ఆలోచించాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే పేపరు పక్కన పెట్టి విన్నారు. అది పెద్ద విశేషమే.

థీసిస్ ఇచ్చాను. చివరి మౌఖిక పరీక్ష అందరి ముందూ జరుగుతుంది, ఎవరైనా వచ్చి వినొచ్చు. ఆ రోజు హాల్లో చివరి వరసలో నేతచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎవరి తాలూకో అనుకున్నాను. పరీక్షకుడు అడిగినవన్నీ చెప్పాను. ఉత్త పరీక్షలో నికెల్ ఎక్కణ్ణించి వచ్చిందో మీకెలా తెలిసిందని ఆయన అడిగారు. "అరిగిన స్టీలు కడ్డీనుంచండి. కళ్ళారా చూశాను," అన్నాను. వెనక వరసల్లో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. సార్ తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

ఫలితం చెప్పాక ఆ పెద్దావిడ నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నేను ఈణ్ణి కన్నదాన్నండి," అంది, సార్ వైపు చూపిస్తూ. "మీరు తిట్టేరంటగా మావోణ్ణి. ఫోన్లో చెప్పి ఒకటే నవ్వడం. పెద్ద ఉద్యోగం వచ్చేక ఆణ్ణి తిట్టేవాళ్ళే లేరండి. నేను తిడదామంటే సిగ్నల్ లేదంటాడు. మీరు మా ఇంటికి భోజనానికి రావాలండి. మీ ఆయన గార్ని కూడా తీసుకురండి."

మరుసటి ఆదివారం ఆరాధన అవగానే వెళ్ళాం. చెరువు గట్టు మీద వాళ్ళ ఇల్లు. చెరువులో వెదురు కర్రలకి మేత సంచులు కట్టి ఉన్నాయి. వాటి చుట్టూ చేపలు ఎగిరి పడుతున్నాయి. గూడబాతులు దూరంగా బారులు తీరి ఉన్నాయి. ఉంగుటూరు అమ్మాయి మా కన్నా ముందే వచ్చి వంటింట్లో కూర్చుని ఉంది. కొరమేను పులుసు, కట్టిపరిగెలనే చిన్న చేపల వేపుడు పెట్టారు. మా సార్ అందరికీ కొసరి కొసరి వడ్డించాడు. వాళ్ళమ్మ గారు వెనకనుంచి, "టీచరు గారికి తలకాయ ముక్క వెయ్యరా, ఆ మాత్రం తెలీదా," అని కేకలేస్తోంది. అతను ఆమె అన్నట్టే వేశాడు.

భోజనాలయ్యాక తాటిమాను తొలిచి చేసిన దోనెలో కొల్లేట్లోకి తీసుకెళ్ళాడు. మా ఆయన దోనె అంచు రెండు చేతులా పట్టుకుని, కదలకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సార్ వెనక నిలబడి గెడ వేసి దోనె నడుపుతున్నాడు.

"మేడమ్ గారండీ, మీరు కొంచెం ఎడమకి జరగండి. ఇక్కడ మాత్రం నేను చెప్పినట్టు వినాలండి," అన్నాడు.

"అలాగేనండి సార్," అని జరిగాను.

దోనె సమంగా నిలబడింది. మా ఆయన మెల్లగా ఒక చెయ్యి తీసి నీళ్ళలో పెట్టారు. గూడబాతుల బారు ఒకటి మా ముందునుంచి లేచి, నీటికి ఆనినంత కిందుగా ఎగురుకుంటూ ఆకివీడు వైపు వెళ్ళిపోయింది.